టేపు కింద గంట

"ఐదింటికి వ్యాను వస్తుంది. ఈలోగా నీ దగ్గర ఇంకో పేరుంటే చెప్పు. లేకపోతే ఆవిణ్ణి ఎక్కించి పంపించెయ్." కమిషనర్ అంతే చెప్పి ఫోను పెట్టేశాడు.

ఇన్‌స్పెక్టర్ షామా వజ్జానీ చేతి గడియారం చూసుకుంది. నాలుగు దాటి రెండు నిమిషాలు. రంజాన్ నెలలో పద్దెనిమిదో రోజు, బుధవారం. ఇంకో పేరు దొరకడానికి యాభై ఎనిమిది నిమిషాలున్నాయి.

కమిషనర్ చెప్పిన ఆవిడ లల్లా రుఖియా, అంటే రుఖియమ్మ. సఫీ రేవుపట్నంలోని దార్ షిఫా డయాలసిస్ క్లినిక్‌లో పంతొమ్మిదేళ్లుగా రిసెప్షన్ బల్ల వెనక కూర్చునే మనిషి. ఇప్పుడు అదే క్లినిక్‌లో దుప్పట్లు పెట్టే గదిలో స్టూలు మీద కూర్చుని ఉంది. తలుపు బయట కానిస్టేబుల్ హమ్మూ కాపలా.

నిన్న పొద్దున తొమ్మిదింటికి క్లినిక్ తెరిచేసరికి పద్నాలుగు కంప్యూటర్లలోనూ ఎర్ర తెర కనిపించింది. దాని మీద మూడే వాక్యాలు. మీ రికార్డులకి తాళం వేశాం. తాళంచెవి మా దగ్గరుంది. ఆలస్యం చేస్తే తాళం తీసినా లోపల ఏమీ మిగలదు. కింద సొమ్ము ఎక్కడికి పంపాలో రాసి ఉంది. ఎప్పటిలోగా అన్నది రాయలేదు.

అరవై ఒక్క మంది రోగుల రికార్డులవి. ఎవరి ఒంట్లోంచి ఎంత నీరు తియ్యాలి, ఎవరికి రక్తం గడ్డకట్టకుండా ఎంత మందు ఇవ్వాలి, ఎవరికి ఏ మందు పడదు, అంతా అందులోనే ఉంది. నిన్నటి నుంచి నర్సులు చేతిరాత చీటీల మీద, జ్ఞాపకం మీద నెట్టుకొస్తున్నారు.

షామా దుప్పట్ల గది తలుపు తోసింది.

రుఖియాకి యాభై రెండేళ్లు. ఒళ్లో ఒక కాగితం, దాని మీద ఒక పెన్ను. రెండింటినీ ముట్టుకోకుండా చేతులు చెరో పక్కన పెట్టుకుని కూర్చుంది. కాసాబ్లాంకా నుంచి వచ్చిన పెద్దమనిషి ఇచ్చి వెళ్లాడని చెప్పింది. పెన్‌డ్రైవ్ పొరపాటున పెట్టానని సంతకం చేస్తే జడ్జితో తనే మాట్లాడతానన్నాడట. పండగలోపు ఇంటికి పంపిస్తారన్నాడట.

"చెయ్యనిదాన్ని పొరపాటున చేశానని ఎలా రాయను తల్లీ? ఉపవాసం ఉన్నాను. అబద్ధం మీద సంతకం పెడితే ఈ రోజంతా నేను మాడింది దేనికి?"

షామా ఆ కాగితాన్ని మడిచి తన జేబులో పెట్టుకుంది. సోమవారం సంగతి నిమిషాల లెక్కన మళ్లీ అడిగింది. రుఖియా నిన్న చెప్పిందే ఈరోజూ చెప్పింది, ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. రంజాన్‌లో రిసెప్షన్ మూడింటికే మూసేస్తారు. మూడుంబావుకి ఇంటికి వెళ్లింది. హరీరా పొయ్యి మీద పెట్టింది. సాయంత్రం విడత రోగులకి తోడుగా వచ్చినవాళ్లు ఇఫ్తార్ వేళ ఇంటికి పోలేరు కాబట్టి, సోమ, బుధ, శుక్రవారాల్లో వాళ్లకి ఆ పులుసు, ఖర్జూరాలు తెచ్చిపెట్టడం ఆవిడకి ఏళ్లనాటి అలవాటు. ఆరూ ఐదుకి గిన్నెతో గేటు దాటింది. గిన్నెలు కడిగి ఏడూ పదికి వెళ్లిపోయింది. రిసెప్షన్ గది తాళంచెవి ఎప్పటిలాగే గేటు పక్క మేకుకి వేలాడుతోంది, ఎవరైనా తీసుకోవచ్చు.

ఆ మంచితనమే ఆవిడ మెడకి చుట్టుకుంది. సాయంత్రం ఆరూ ఇరవైకి ఆ కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టారని నిపుణుడి నివేదిక. ఆ వేళకి ఊరంతా ఇళ్లకి పరుగెత్తుతోంది. క్లినిక్‌లో రోగులు మంచాల మీద, నర్సు వాళ్ల దగ్గర. చేతులు కాళ్లు ఖాళీగా తిరుగుతున్న మనిషి రుఖియా ఒక్కతే.

నాలుగూ పద్దెనిమిదికి షామా రిసెప్షన్ గదిలోకి వెళ్లింది. నిపుణుడు అక్కడే ఉన్నాడు.

రుఖియాకి ఆ కాగితం ఇచ్చింది ఇతనే, కాసాబ్లాంకా నుంచి వచ్చిన జాద్ ఫిలాలీ. కోర్టు జాబితాలో పేరున్న కంప్యూటర్ నిపుణుడు, సొంతంగా రక్షణ సంస్థ నడుపుతాడు. నిన్న పొద్దున క్లినిక్ యజమాని డాక్టర్ బెన్‌హిమా ఫోన్ చేస్తే పదకొండున్నరకల్లా వచ్చి వాలాడు. రిసెప్షన్ కంప్యూటర్‌లో ఉన్నదంతా తన లాప్‌టాప్‌లోకి నకలు తీసుకున్నాడు. హోటల్ గదిలో కూర్చుని, రాత్రికల్లా నివేదిక ఇచ్చేశాడు. ఈ గదిలో మొత్తం మీద పది నిమిషాలు గడిపి ఉంటాడు.

ఇప్పుడు డాక్టర్‌కి ఒప్పందం కాగితాలు చూపిస్తున్నాడు. సంతకం పెడితే మూడేళ్లపాటు క్లినిక్ కంప్యూటర్ల కాపలా అతని సంస్థదే. రికార్డులు కూడా ఇవాళ సాయంత్రానికే బయటికి తీసే ప్రయత్నం చేస్తాడు. డాక్టర్ రాత్రంతా నిద్ర లేని కళ్లతో పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

"సఫీ పోలీసులకి కంప్యూటర్ విభాగం ఉందని నాకు నిన్ననే తెలిసింది ఇన్‌స్పెక్టర్ గారూ" అన్నాడు జాద్.

"ఉంది సీ జాద్. రెండు గదులు, ఒక ఫ్యాను. ఫ్యాను మాత్రం తిరగదు." పేరు ముందు సీ అని మర్యాదగా చేరుస్తూ అంది షామా.

"సార్డీన్ చేపల దొంగల్ని పట్టడానికి అది చాలు లెండి."

షామా కంప్యూటర్ వెనక్కి వంగి తీగలు చూసింది. ఒకటి కరెంటుది, ఒకటి క్లినిక్ లోపలి సర్వర్‌కి వెళ్లేది. బయటి ఇంటర్నెట్ దీనికి లేదు.

ఒక ముక్క అర్థం కాలేదని డాక్టర్ అడిగాడు. తన ఫోన్‌కి రోజూ గాలం వేసే మెయిళ్లు వస్తాయి, బ్యాంకు నుంచి అని, పార్సిల్ వచ్చిందని. రుఖియా కూడా అలాంటిదేదో నొక్కి ఉంటుందేమో, దాంతోనే వైరస్ వచ్చిందేమో. షామా తల అడ్డంగా ఊపింది. ఈ కంప్యూటర్‌కి మెయిలే లేదు, ఇక గాలం ఎక్కడిది. పైగా వైరస్ అంటే ఇంకో ఫైలుకి అంటుకుని ఊరేగేది. ఇది అది కాదు.

"ఇది వేషం వేసుకుని వచ్చింది డాక్టర్. పైకి అజాన్ పిలిచే ప్రోగ్రాం. వేళకి నిజంగానే అజాన్ పిలుస్తుంది, నమ్మకం కలగడానికి. కడుపులో మాత్రం తాళాలు వేసే కోడ్. వేషగాడు గోడ దూకి రాలేడు, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురావాలి. వచ్చాక ఇక ఎవరి సాయం అక్కర్లేదు, తీగల వెంట మిగతా పదమూడింటికీ పాకుతుంది."

"నా నివేదికలోనూ అదే రాశాను" అన్నాడు జాద్. "ఆ చెయ్యి ఎవరిదో కూడా రాశాను."

"పెన్‌డ్రైవ్ నంబరు మాత్రం రాయలేదు."

జాద్ కనుబొమ్మలు ఎత్తాడు. ప్రతి పెన్‌డ్రైవ్‌కీ పుట్టుకతోనే ఒక నంబరుంటుంది. ఒక్కసారి పెట్టినా చాలు, కంప్యూటర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. షామా నిన్న రాత్రే అది రాసుకుంది. చివరి నాలుగూ 7C41. ఎందుకు వదిలేశారని అడిగితే, ఆ పెన్‌డ్రైవ్ ఈపాటికి సముద్రంలో ఉంటుందని, నంబరుతో ఏం చేసుకుంటారని జాద్ నవ్వాడు. ఫోను మోగితే మాట్లాడుతూ వసారాలోకి వెళ్లాడు. డాక్టర్ కూడా కాగితాలు పట్టుకుని వెనకే వెళ్లాడు.

షామా రుఖియా కుర్చీలో కూర్చుంది.

బల్ల మీద రబ్బరు స్టాంపు, జపమాల, ఒక గాజు సీసాలో పెన్నులు. తెరకి రెండు పక్కలా చిన్న స్పీకర్లు, రోగుల నంబర్లు పిలవడానికి. తెర సగం బల్ల వైపుకి, సగం బెంచీల వైపుకి తిరిగి ఉంది. కింద కుడి మూలన గాయాలకి వేసే తెల్ల టేపు, రెండు వేళ్ల వెడల్పున అంటించి ఉంది. అంచులు పసుపు తిరిగాయి. ఈరోజూ నిన్నా అంటించింది కాదు.

పగిలిన తెరకి అతుకు వేశారనుకుని నిన్న తను కూడా దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు గోటితో అంచు లేపి లాగింది.

కింద పగులు లేదు. గడియారం ఉంది. 17:31.

షామా మణికట్టు చూసుకుంది. నాలుగూ ముప్పై ఒకటి.

 తర్వాత టేపుని మళ్లీ జాగ్రత్తగా అంటించి, లేచి దుప్పట్ల గదికి వెళ్లింది.

రుఖియా సిగ్గుపడింది. అది కూడా నేరమేనా అన్నట్టు చూసింది. దేశమంతా రంజాన్ ముందు రోజు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటుంది, పండగయ్యాక మళ్లీ ముందుకి. ఫోన్లు వాటంతటవే తిప్పుకుంటాయి. ఈ ముసలి కంప్యూటర్‌కి ఆ తెలివి లేదు, బయటి లోకంతో మాటామంతీ లేదు. ఏటా చేత్తో తిప్పాలి. తిప్పాలంటే పెద్ద పాస్‌వర్డ్ కావాలి. అది తెలిసిన కుర్రాడు నిరుడు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు.

"బెంచీ మీద కూర్చున్నవాళ్లకి ఆ మూల కనిపిస్తుంది తల్లీ. ఉపవాసం విడిచే మగ్రిబ్ వేళయిందని మొదటిరోజే ఇద్దరికి గొడవ. కొత్త టైమా, పాత టైమా అని. అందుకే దాని నోటికి టేపు వేశాను. నేనెప్పుడూ ఆ గడియారం చూసుకోను. మసీదు ఉంది కదా."

నాలుగూ ముప్పై ఆరు.

జాద్ పని చేసింది నకలు మీద. నకలుకి టేపు ఉండదు. కంప్యూటర్ ఆరూ ఇరవై అంటే ఆరూ ఇరవై అనుకున్నాడు. అసలు వేళ ఐదూ ఇరవై. ఆ సమయానికి రుఖియా తన వంటింట్లో ఉంది, క్లినిక్ గేటు దాటడానికి ఇంకా ముప్పావు గంట ఉంది.

కానీ గడియారాన్ని నిన్న ఎవరో తిప్పారని, పోలీసులే తిప్పారని జాద్ అనగలడు. సోమవారం సాయంత్రమే అది గంట ముందుందని చెప్పే మనిషి కావాలి. షామాకి స్పీకర్లు గుర్తొచ్చాయి. ఆ ప్రోగ్రాం అజాన్ పిలుస్తుంది. మగ్రిబ్ ఆరూ నలభై నాలుగుకి. కంప్యూటర్ లెక్కన ఆరూ నలభై నాలుగు అంటే...

బెంచీ మీద ఐదుగురు కూర్చున్నారు. సోమవారం వచ్చినవాళ్లే ఈరోజూ వస్తారు, విడత అదే. సోమవారం వేళకాని వేళ అజాన్ ఎవరైనా విన్నారా అని షామా అడిగింది. నలుగురు లేదని తలూపారు. ఆ రోజు వాళ్లు ఆరింటికి గానీ రాలేదు. ఐదో మనిషి తలూపలేదు. తల వంచుకుంది. ఆవిడ పేరు జొహ్రా. డెబ్బై ఏళ్లుంటాయి. లోపల మంచం మీద ఉన్నది ఆవిడ భర్త.

షామా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "పెద్దమ్మా, మీరు చెప్పేది ఈ బెంచీ దాటదు. ఆ గదిలో ఉన్న రుఖియా కోసం అడుగుతున్నాను."

జొహ్రా కొంగు అంచు మడత పెట్టి విప్పింది. తర్వాత చెప్పింది. సోమవారం ఆ గదిలోంచి అజాన్ వినిపించింది. లోపల రేడియో పెట్టారనుకుంది. చేతిలో ఖర్జూరం సిద్ధంగా ఉంది. నోట్లో వేసుకుంది, రెండు గుక్కల నీళ్లు తాగింది. అప్పుడు నర్సు హలీమా పరుగున వచ్చి, ఇంకా గంటుంది కదా అని చేతిలోంచి గ్లాసు లాక్కుంది.

"నలభై ఏళ్లుగా ఒక్క రోజా తప్పలేదు నాకు. ఆయనకి కూడా చెప్పలేదమ్మా. పండగయ్యాక ఒక రోజు ఉపవాసముండి తీర్చుకుందామని గుట్టుగా ఉన్నాను."

"ఆ ఒక్క ఖర్జూరం ఒక మనిషిని కాపాడుతోంది పెద్దమ్మా. పాపమని అనుకోకండి."

నర్సు హలీమాని పట్టుకోవడానికి ఒక నిమిషం పట్టింది. ఆమె జొహ్రా భర్త మంచానికి వేలాడుతున్న చీటీ తీసి చూపించింది. సోమవారం, రక్తపోటు, పక్కన వేళ: 17:45. ఆ అంకె రాస్తుండగానే అజాన్ విని, తల ఎత్తి చూసి, గ్లాసు కోసం పరుగెత్తానని చెప్పింది. తన ఫోన్ చూసి రాసిన వేళ అది.

నాలుగూ నలభై మూడు. గేటు దగ్గర కాపలా ఉండే ముసలి బా అల్లాల్ నోట్‌బుక్. వచ్చేవాళ్ల, పోయేవాళ్ల వేళలన్నీ ఆయన తన చేతి గడియారం చూసి రాస్తాడు. దాన్ని రోజూ మసీదుతో సరిచూసుకుంటాడు. నిన్నటి నుంచీ అందరూ ఆరూ ఇరవై దగ్గరే చూశారు. షామా వేలు ఆ గీత దాటి పైకి జరిగింది. ఐదూ పది, లోపలికి: నీళ్ల ఫిల్టరు మనిషి. ఐదూ ముప్పై ఐదు, బయటికి.

ముఖం ఎలా ఉందో చెప్పలేనన్నాడు బా అల్లాల్. డయాలసిస్ హాలు ఉన్న చోట ఎవరైనా మాస్కు పెట్టుకోవాల్సిందే. ఒక్కటి మాత్రం గుర్తుంది. "తొందరలో ఉన్నాడు బిడ్డా. ఎల్ జదీదా దాకా పోవాలి, ఇఫ్తార్‌కి అందుతానో లేదో అంటూ పరుగెత్తాడు."

ఫిల్టరు మనిషి శనివారాలు తప్ప రాడని డాక్టర్ చెప్పాడు.

నాలుగూ నలభై తొమ్మిదికి షామా అందర్నీ రిసెప్షన్ గదిలోకి పిలిచింది. డాక్టర్ బెన్‌హిమా, జాద్, హమ్మూ, హమ్మూ పక్కన రుఖియా. జాద్ చేతిలో ఒప్పందం కాగితాలు, వాటి మీద డాక్టర్ సంతకం ఇంకా లేదు. ఐదున్నరకి తిరిగొచ్చి రికార్డుల సంగతి చూస్తానని, ఈలోగా హోటల్‌కి వెళ్లి రావాలని జాద్ అంటున్నాడు.

"రెండు నిమిషాలు. మీ నివేదికలో ఒక చిన్న దిద్దుబాటు ఉంది" అంది షామా.

"ఏమిటో?"

ఆమె టేపు లాగేసింది. తెర మూలన 17:50.

"ఈ కంప్యూటర్ గంట ముందు నడుస్తోంది సీ జాద్. రంజాన్ మొదటిరోజు నుంచీ. సాక్షులున్నారు, చేతిరాత చీటీ ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టింది ఆరూ ఇరవైకి కాదు, ఐదూ ఇరవైకి. లల్లా రుఖియా అప్పుడు ఇంట్లో ఉంది."

రుఖియా గోడకి చెయ్యి ఆనించింది. డాక్టర్ ఏదో అనబోయాడు. షామా వాళ్లిద్దరినీ చూడలేదు. జాద్‌నే చూస్తోంది.

అతను వాదిస్తాడనుకుంది. లెక్క తప్పినందుకు సిగ్గుపడతాడనుకుంది. రెండూ జరగలేదు. అతని కళ్లు తెర మూల నుంచి చేతి గడియారానికి, అక్కణ్ణుంచి మళ్లీ తెర మూలకి వెళ్లాయి.  ఒప్పందం కాగితాలు బల్ల మీద పడేసి, కీబోర్డు వైపు ఒక్క అడుగు వేశాడు.

షామా కుర్చీని అతని దారికి అడ్డంగా లాగింది. "ఏమిటా తొందర?"

"తప్పుకోండి. దాన్ని ఆపాలి."

"దేన్ని?"

జాద్ కుర్చీని పక్కకి నెట్టబోయాడు.

"తెర మీద గడువు ఎక్కడా రాయలేదు. ఆలస్యం చేస్తే అని మాత్రమే ఉంది. అది ఎప్పుడో మాకెవరికీ తెలీదు. మీకెలా తెలిసింది?"

గుమ్మడికాయల దొంగ ఎవరని ఇంకా ఎవరూ అడగనే లేదు, ఇతను అప్పుడే భుజాలు తడుముకున్నాడు. అది అతనికీ అర్థమైంది. హమ్మూ బల్ల కిందకి వంగి కరెంటు తీగ పట్టుకున్నాడు.

"పీకకు" అని అరిచాడు జాద్. "దీని నుంచి నిమిషానికోసారి కబురు వెళ్లకపోతే సర్వర్ దానంతటదే అంతా చెరిపేస్తుంది."

 డాక్టర్ బెన్‌హిమా మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. దొంగ చేతికే తాళాలు ఇవ్వబోయిన సంగతి అతనికి ఇప్పుడు తెలిసింది.

"ఆరింటికి చెరిగిపోతుంది. అంతేనా? మీరు ఐదున్నరకి వచ్చి, ఆఖరి నిమిషంలో కాపాడినట్టు కాపాడి, సంతకం పెట్టించుకుంటారు" అంది షామా. "కానీ కోడ్ మీ చేతి గడియారం చూడదు, ఇదిగో దీన్ని చూస్తుంది. దీని ఆరింటికి ఎనిమిది నిమిషాలున్నాయి."

"వాణ్ణి ఆరుంబావు దాటాక వెళ్లమన్నాను" అన్నాడు జాద్, తనలో తను అనుకుంటున్నట్టు. "ఆరూ ఇరవై అని చూసి, చెప్పినట్టే చేశాడనుకున్నాను."

"ఆ వేళకి లల్లా రుఖియా ఒంటరిగా ఉంటుందని మీకు తెలుసు. నేరం మోయడానికి మనిషిని ముందే చూసి పెట్టుకున్నారు. కానీ ఏం చేస్తారు, మీరు పంపినవాడిదీ ఉపవాసమే. వాడు ఇఫ్తార్‌కి ఇల్లు చేరాలనుకున్నాడు."

తెర మూలన 17:53.

జాద్ వెనక్కి జరిగాడు. అతని గొంతు మారింది. ఇక్కడ అన్నదేదీ కోర్టులో నిలవదని, లాయరు లేకుండా ఇంకొక్క మాట మాట్లాడనని అన్నాడు. చేతులు కట్టుకున్నాడు.

షామా కూడా చేతులు కట్టుకుంది.

"సరే. అప్పుడు ఏం జరుగుతుందో చెప్తాను. ఏడు నిమిషాల్లో అరవై ఒక్క మంది వివరాలు పోతాయి. రేపు ఆ హాల్లో ఎవరికో పడని మందు పడుతుంది. మీ మీద ఉన్నది ఇప్పటిదాకా మోసం కేసు. రేపటికి అది హత్య. లాయర్ని పిలుచుకోండి, ఇఫ్తార్ ముందు ఎవరూ ఫోన్ ఎత్తరు. నాకు ఉపవాసం అలవాటే, ఎంతసేపైనా నిలబడగలను."

17:54. హాల్లోంచి మిషన్ల చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

రుఖియా ముందుకొచ్చింది. ఆవిడ మాట్లాడుతుందని ఎవరూ అనుకోలేదు. "అయ్యా, నా మీద వేసిన నింద నేను దేవుడికి వదిలేస్తాను. ఆ లోపల ఉన్నవాళ్లు మీకేం చేశారు? మీ కాగితం మీద సంతకం పెట్టనందుకు నన్ను తీసుకుపోండి. వాళ్లని వదిలెయ్యండి."

17:55. జాద్ కోటు లోపలి జేబులోంచి కళ్లజోడు పెట్టె తీశాడు. దాని మెత్త కింద నుంచి గోరంత పెన్‌డ్రైవ్ ఒకటి బయటికి వచ్చింది. వంగి కంప్యూటర్‌కి పెట్టాడు. అతను కొట్టిన పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పింది. మూడోసారి సరిగా పడింది. ఎర్ర తెర ఒకసారి మిణుకుమని, పోయింది. దాని వెనక నుంచి రోగుల జాబితా, మొదటి పేరు దగ్గర నుంచి, మామూలుగా తెరుచుకుంది. డాక్టర్ హాలులోకి పరుగెత్తి హలీమాని పిలిచాడు.

17:57.

"ఇక లేవండి" అంది షామా. అతని చోట తను కూర్చుని, కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న పెన్‌డ్రైవ్‌ల జాబితా తెరిచింది. కొత్త నంబరేదీ చేరలేదు. ఇప్పుడే పెట్టిన దాన్ని ఆ ముసలి కంప్యూటర్ సోమవారం నాటి పాత చుట్టంగా గుర్తుపట్టింది. 7C41.

"సముద్రంలో ఉంటుందన్నారు. మీవాడు దాన్ని తెచ్చి మీకే ఇచ్చాడన్నమాట" అంది జాద్‌తో. హమ్మూ అతని మణికట్లకి బేడీలు వేశాడు. గేటు బయట వ్యాను హారన్ కొట్టింది. అనుకున్న వేళకే వచ్చింది. అందులో ఎక్కేది మాత్రం వేరే మనిషి.

రుఖియా వంటింటి పని గుర్తొచ్చినదానిలా కొంగు సర్దుకుంది. హరీరా ఇంకా పొయ్యి ఎక్కలేదు, బెంచీ మీద ఐదుగురున్నారు. వెళ్లొచ్చా అని అడిగింది. షామా సరేనంటూ పెన్‌డ్రైవ్ లోపల ఏముందో చూడటానికి నొక్కింది.

లోపల ఏడు ఫోల్డర్లున్నాయి. మొదటిదాని పేరు దార్ షిఫా, సఫీ. తర్వాత ఎసావీరా. ఎల్ జదీదా. బెనీ మెల్లాల్. సెత్తాత్. ఖురీబ్గా. తారూదంత్. ఒక్కొక్క ఊరి పక్కన ఒక్కొక్క క్లినిక్ పేరు. ప్రతి ఫోల్డర్‌లోనూ అదే కోడ్, చివర అదే గీత. బుధవారం, 18:00.

షామా వెనక్కి తిరిగింది. గుమ్మం దగ్గర జాద్ ఆగి ఆమెనే చూస్తున్నాడు.

"ఈ ఆరుగురిలో ఒక్కరు కూడా పోలీసులకి ఫిర్యాదు చేయలేదే?"

"ఎందుకు చేస్తారు?" అన్నాడు జాద్. "క్లినిక్ పేరు పాడవుతుందని భయం. అందరూ నన్నే పిలిచారు."

ఆ ఆరు చోట్లా కంప్యూటర్లు కొత్తవట, వేళ సరిగ్గానే చూపిస్తాయట. ఆ ఆరు చోట్లా రిసెప్షన్ మూడింటికే మూసేసి ఉంటారు. ఇంకో అరగంటలో ఆ ఊళ్లలోనూ జనం ఇళ్లకి పరుగులు తీస్తారు, ఫోన్లు మోగినా ఎవరూ ఎత్తరు. షామా ఒక చేత్తో ఫోన్ తీసి మొదటి నంబరు నొక్కుతూనే మణికట్టు చూసుకుంది. ఐదింటికి ఒక నిమిషం తక్కువ. ఆ ఆరు ఊళ్లకీ అరవై ఒక్క నిమిషాలున్నాయి. ఈ కంప్యూటర్ సరిగ్గా నడిచి ఉంటే ఈ సంగతి తెలిసేసరికి ఒక్క నిమిషం కూడా మిగిలేది కాదు.

వెళ్లబోతున్న రుఖియా అలవాటు కొద్దీ ఆగింది. బల్ల మీద పడి ఉన్న టేపు ముక్క తీసి, తెర మూల మీదికి వంగింది.

షామా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "వద్దు, అలాగే ఉండనివ్వండి. ఈ గంట నాకు కావాలి."